మొండిగోడలు మిగిల్చిందెవరు? స్కాట్లండ్ పల్లెల్లో శిథిలాలు చూడబోయేవాళ్ళ కోసం

స్కాట్లండ్‌లో టౌన్ దాటి ఓ అరగంట కారు నడిపితే చాలు, ఎక్కడో ఒక మొండిగోడ కనబడి తీరుతుంది. గుట్ట మీద కోట ముక్క, పొలం మధ్యలో కప్పు లేని చర్చి, వాగు పక్కన నడుమెత్తు కూడా లేని రాళ్ళ వరస. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్ళని తిప్పేది నేనే కాబట్టి నాకు ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే, ఇది ఎన్నేళ్ళ నాటిది అని. బోర్డు చూసి పదమూడో శతాబ్దం అనో ఇంకోటనో చెప్తాను, ఓహో అంటారు, ఫోటో దిగుతారు, మళ్ళీ కారెక్కుతారు. తిరగ్గా తిరగ్గా నాకు తెలిసొచ్చింది ఏంటంటే ఎప్పుడు కట్టారు అన్నది ఒక లెక్క, ఎప్పుడు పాడైంది, ఎవరు పాడు చేశారు, పాడయ్యాక కూడా ఈ మాత్రం ఎందుకు మిగిలింది అన్నది ఇంకో లెక్క. ఈ రెండూ కలిపేస్తాం కాబట్టే నాలుగు శిథిలాలు చూసేసరికి అయిదోది కూడా అలాగే కనబడి విసుగొస్తుంది. రెండో ప్రశ్న ముందు అడిగితే మాత్రం ఏ రెండు గోడలూ ఒకలా ఉండవు.

ముందు కోటలు, ఎలాగూ అందరూ మొదట వెళ్ళేది అక్కడికే. లాఖ్ నెస్ ఒడ్డున అర్కర్ట్ కోట ఉంది కదా, దాన్ని శత్రువులు కూల్చారని చాలామంది అనుకుంటారు గానీ 1692లో అందులో కాపలా ఉన్న ప్రభుత్వ సైనికులే ఖాళీ చేసి పోతూ పోతూ మందుపెట్టి పేల్చేశారు, తమ వెనకాల జాకోబైట్లు, అంటే గద్దె పోగొట్టుకున్న జేమ్స్ రాజు పక్షం వాళ్ళు, వచ్చి అందులో కూర్చోకూడదని. ద్వారం దగ్గర గోడ ముద్దలు ముద్దలుగా విరిగి పడింది ఇప్పటికీ అలాగే ఉంది, అది చూస్తే మందుగుండు పని అని వెంటనే తెలిసిపోతుంది. ఎడిన్‌బరాకి తూర్పున సముద్రం అంచున ఉన్న టాంటాలన్‌ది ఇంకో కథ, 1651లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన క్రామ్‌వెల్ సైన్యం 12 రోజులు ఫిరంగులతో కొట్టింది. ఇక అబర్డీన్ పైన క్రూడెన్ బే దగ్గర స్లెయిన్స్ కోట చూస్తే అంత పెద్ద భవనం మీద కప్పే లేదు, ఇక్కడ యుద్ధమూ లేదు ఏమీ లేదు, 1925లో పన్ను తప్పించుకోవటానికి కప్పు తీయించేశారు, కప్పు ఉన్న భవనానికే పన్ను కాబట్టి. కప్పు పోయిందంటే ఇక స్కాట్లండ్ వానకి గోడ ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పండి.

దీనికి తలకిందులుగా ఉండేది ఐలన్ డోనన్. క్యాలెండర్ల మీద, బిస్కెట్ డబ్బాల మీద ఉండే కోట అదే, నీళ్ళ మధ్యలో రాతి వంతెనతో. 1719లో రాయల్ నేవీ ఓడలు దాన్ని పేల్చేశాక దాదాపు 200 ఏళ్ళు మొండిగోడలుగానే పడి ఉంది, తర్వాత మెక్రే వంశం ఆయన ఒకరు కొని మళ్ళీ కట్టించారు, పని 1932కి పూర్తయింది. అంటే మనం పురాతనం అనుకుని మురిసిపోయే ఆ రూపం మన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈడుది. అందం లేదని కాదు, నాకూ ఇష్టమే, కానీ ఏది పాత రాయి ఏది కొత్త రాయి అని తెలిసి చూడటం వేరు.

దక్షిణాన బార్డర్స్ ప్రాంతంలో నాలుగు పెద్ద మఠాలున్నాయి, మెల్రోజ్, జెడ్‌బరా, కెల్సో, డ్రైబరా. వీటి దగ్గర గైడ్లు కూడా ఒక్కోసారి ఒక ముక్కలో తేల్చేస్తుంటారు, ఇంగ్లీషు వాళ్ళు కాల్చేశారు అని. కొంత నిజమే. మెల్రోజ్‌ని 1322లో ఒకసారి, 1385లో ఒకసారి, మళ్ళీ ఎనిమిదో హెన్రీ కాలంలో 1544, 1545లో కొట్టారు. కానీ మొదటి రెండుసార్లూ మళ్ళీ కట్టుకున్నారు, మనం ఇవాళ చూసి నోరెళ్ళబెట్టే ఆ చెక్కడాలు చాలావరకు 1385 తర్వాతవే, కప్పు మీద బ్యాగ్‌పైప్ ఊదే పంది బొమ్మతో సహా. చివరిసారి ఎందుకు కట్టుకోలేదంటే అప్పటికి మఠాల ఆదాయం పెద్దమనుషుల చేతుల్లోకి పోతోంది, 1560లో మతసంస్కరణ, అంటే దేశం క్యాథలిక్ మతం వదిలి ప్రొటెస్టెంట్ అవటం, వచ్చి మఠాల వ్యవస్థకే కాలం చెల్లింది. ఇంగ్లండ్‌లో లాగా ఒక్క దెబ్బతో సన్యాసుల్ని తరిమెయ్యలేదు ఇక్కడ, ఉన్నవాళ్ళని ఉండనిచ్చారు, కొత్తవాళ్ళని చేర్చుకోలేదు, ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయారు, రాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి చేరాయి. కాబట్టి మెల్రోజ్‌ని విరగ్గొట్టింది యుద్ధం అయితే విరిగినదాన్ని అలాగే వదిలేసింది మతం, డబ్బు.

రాళ్ళు ఊళ్ళోకి చేరటం అన్నది మనకేం కొత్త కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను. స్కై దీవికి ఎదురుగా గ్లెన్‌ఎల్గ్ అనే చోట డన్ టెల్వ్, డన్ ట్రాడన్ అని రెండు బ్రాక్‌లు ఉన్నాయి. బ్రాక్ అంటే 2000 ఏళ్ళ కిందటి గుండ్రటి రాతి బురుజు, చుక్క సున్నం లేదు, మట్టి లేదు, ఒట్టి రాయి మీద రాయి. గోడ ఒకటి కాదు రెండు, ఒకదాని లోపల ఒకటి, మధ్య సందులో మెట్లు పైకి తిరుగుతూ పోతాయి. ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ఉన్న మూసా బ్రాక్ ఇప్పటికీ 13 మీటర్ల ఎత్తుంది. డన్ టెల్వ్ సుమారు 10 మీటర్లు, అది కూడా ఒక పక్కే, రెండో పక్క రాళ్ళు 1720ల్లో దగ్గర్లో బెర్నెరా అనే సైనిక బ్యారక్స్ కట్టటానికి పట్టుకుపోయారు. దానివల్ల జరిగిందేంటంటే నిలువునా కోసిన పనసకాయలా లోపలి అరలన్నీ బయటికి కనబడతాయి, బ్రాక్ ఎలా కట్టారో అర్థం కావాలంటే నిండుగా ఉన్న మూసా కన్నా ఈ సగం పోయినదే నయం అని నా అభిప్రాయం. టికెట్ లేదు, గేటు దగ్గర మనిషి లేడు.

అక్కడ నిలబడ్డప్పుడల్లా నాకు అమరావతి గుర్తొస్తుంది. స్తూపం రాళ్ళు ఊరి కట్టడాలకి పోతున్న రోజుల్లో, 1797లో, ఆ దిబ్బని చూసి మళ్ళీ 1816లో వచ్చి శిల్పాల బొమ్మలు గీయించిన కాలిన్ మెకంజీ పుట్టింది ఇక్కడే, లూయిస్ దీవిలో స్టోర్నవే అనే రేవు ఊళ్ళో. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి వాళ్ళతో మన ఊరూరి కైఫీయతులు, అంటే ఊరి చరిత్ర రాతలు, సేకరింపజేసింది కూడా ఆయనే. ఆ 1816 సంవత్సరం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇప్పటిదాకా చెప్పినవాటికి పేర్లున్నాయి, రాజులున్నారు, బ్రాక్‌లకైతే కనీసం బోర్డులున్నాయి. హైలాండ్స్‌లో, అంటే ఉత్తరాన, పడమటన ఉన్న కొండ ప్రాంతంలో, సింగిల్ ట్రాక్ రోడ్ల మీద పోతుంటే ఏ బోర్డూ లేకుండా కనబడే మోకాలెత్తు రాళ్ళ చతురస్రాలు ఉంటాయి చూడండి, పది పదిహేను ఒకచోట, అవి ఊళ్ళు. జనం ఉండి, పంటలు పండించుకుని, తమ గాలిక్ భాష మాట్లాడుకున్న ఊళ్ళు. వాళ్ళలో చాలామందికి భూమి మీద కాగితం లేదు, ఏడాదికేడాది కౌలు, జమీందారు పొమ్మంటే పోవాల్సిందే. పద్దెనిమిదో శతాబ్దం సగం నుంచి దాదాపు వందేళ్ళ పాటు జమీందార్లకి మనుషులిచ్చే కౌలు కన్నా గొర్రెల ఆదాయం ఎక్కువ అనిపించింది, ఊళ్ళు ఖాళీ చేయించారు, కొందరిని సముద్రం ఒడ్డున చిన్న చిన్న భూమి ముక్కలకి తోలారు, ఎందరో ఓడలెక్కి కెనడా పోయారు. దీన్నే క్లియరెన్సెస్ అంటారు.

బాగా నమోదైనది ఉత్తరాన సదర్లండ్ ఎస్టేట్‌లో స్ట్రాత్‌నేవర్ లోయ. 1814లో అక్కడ ఖాళీ చేయించింది ప్యాట్రిక్ సెల్లర్, ఎస్టేట్ ఫ్యాక్టర్, ఫ్యాక్టర్ అంటే మన జమీందారీల్లో దివాను లాంటి ఉద్యోగం, పైగా ఖాళీ అయ్యే ఆ భూమిని గొర్రెల కోసం కౌలుకి తీసుకున్నదీ ఆయనే. ఇళ్ళు తగలబెట్టారని, దానివల్ల మనుషులు పోయారని కేసు పెడితే 1816లో ఇన్వర్‌నెస్ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. లూయిస్ దీవి మనిషి మన అమరావతి రాళ్ళ బొమ్మలు గీయిస్తున్న ఏడాది అది, మన పల్లెల కథలు కాగితం మీదికెక్కుతుంటే ఇక్కడి పల్లెలకి కైఫీయతు రాసిన నాథుడు లేడు. గోల్‌స్పీ ఊరి పైన కొండ మీద ఆ ఎస్టేట్ మొదటి డ్యూక్ విగ్రహం 1837 నుంచి నిలబడి ఉంది, దిమ్మెతో కలిపి 30 మీటర్ల పైచిలుకు, మైళ్ళ అవతలి నుంచి కనబడుతుంది. ఆయన లోయల్లో ఊళ్ళు కనబడాలంటే మాత్రం కిందికి వంగి చూడాలి.

ఇళ్ళు ఎందుకు తగలబెట్టారు, పొమ్మంటే సరిపోదా అని అడుగుతారు. అక్కడే ఉంది కిటుకు. చెట్లు లేని నేల అది, ఇంట్లో విలువైన సరుకు అంటే కప్పు దూలాలే, రాయీ మట్టీ గడ్డీ ఎక్కడైనా దొరుకుతాయి, దూలం దొరకదు. దూలాలు మోసుకుపోయి ఇంకోచోట నిలబెట్టుకోవటం అక్కడి అలవాటు. దూలం కాలిపోతే వాళ్ళు రాత్రికి మళ్ళీ వెనక్కొచ్చి కప్పు వేసుకోలేరు. మీరు చూసే గోడలు అంత పొట్టిగా ఉండటానికి కారణం కూడా కొంత ఇళ్ళ తీరులోనే ఉంది, అడుగున రాయి వేసి పైన మట్టిపెళ్ళలు పేర్చిన గోడలు చాలా ఉండేవి, మట్టి కరిగిపోయింది, అడుగు రాయి మిగిలింది.

స్ట్రాత్‌నేవర్‌లోనే రోజల్ అనే ఊరు జాగా ఉంది, చుట్టూ ఫారెస్ట్రీ వాళ్ళ చెట్లు, మధ్యలో ఖాళీ. మా నాన్నని తీసుకెళ్ళాను ఒకసారి, సూర్యాపేట దగ్గర పల్లెటూరు మనిషి, ఇంగ్లీషు బోర్డు వైపు చూడనే లేదు. కాసేపు అటూ ఇటూ నడిచి, "ఈ జాగ ఒక్కటే ఇంత పచ్చగున్నది, ఆవలంతా నల్లగున్నది. మన పాటిగడ్డ లెక్కనే ఉన్నది గదా బిడ్డా" అన్నాడు. ఇక్కడి ఆర్కియాలజీ వాళ్ళు చెప్పేదీ సరిగ్గా అదే. పొయ్యి బూడిద, పశువుల పేడ, మనుషుల చెత్త తరాల తరబడి పడిన నేలలో భాస్వరం నిలిచిపోతుంది, 200 ఏళ్ళయినా పోదు, చుట్టూ హెదర్ మొక్కల గోధుమరంగు ఉన్నా అక్కడ మాత్రం లేత పచ్చ గడ్డి వస్తుంది, దురదగొండి లాంటి నెటిల్స్ గుబురుగా లేస్తాయి. మన రైతులు పాటిమన్ను బండ్లకెత్తి పొలానికి తోలుకునేది కూడా ఆ బలం కోసమే కదా. గొర్రెలకీ ఆ గడ్డే ఇష్టం, అందుకే దూరం నుంచి గొర్రెల గుంపు ఉన్న పచ్చ మచ్చ చూసి అక్కడ ఊరుండేదని చెప్పేయొచ్చు. మా నాన్న ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు, ఒక గడప రాయి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

ఆ పచ్చ మచ్చ పట్టుకున్నాక మిగతావి వరసగా కనబడతాయి. వాలు మీద పొడవాటి మడుల్లా గట్టు, కాలవ, గట్టు, కాలవ ఉంటే అవి వాళ్ళ చేను, చేత్తో తవ్వి ఎత్తు చేసి ఓట్స్, బార్లీ, తర్వాత ఆలుగడ్డ వేసినవి. ఊరి చుట్టూ పొడుగ్గా పోయే గట్టు లోపలి పంటనీ బయటి పశువులనీ వేరు చేసేది. వాలులోకి దించిన గుండ్రటి గుంట ధాన్యం ఆరబెట్టే బట్టీ. గుమ్మం దగ్గర ఒంటరి రోవన్ చెట్టు ఉంటే అది దిష్టికి, చేతబడికి విరుగుడుగా నాటుకున్నది కావచ్చు. ఇవన్నీ ఎండాకాలంలో కనబడవు, ఫెర్న్ జాతి మొక్క బ్రాకెన్ మనిషెత్తు పెరిగి మొత్తం కప్పేస్తుంది, కాబట్టి మార్చి, ఏప్రిల్ మొదట్లో గానీ నవంబర్‌లో గానీ పోవాలి, పొద్దు వాలుగా ఉన్నప్పుడు ఆ గట్ల నీడలు గీతలు గీసినట్టు లేస్తాయి.

అయితే చూసిన ప్రతి గోడకీ క్లియరెన్సెస్ అని పేరు పెట్టేయకండి, ఇక్కడ తిరిగే చాలామంది చేసే పొరపాటు ఇది. కొండల పైన ఎత్తులో చిన్న చిన్న గుడిసెల అడుగులు కనబడితే అవి షీలింగ్స్, ఎండాకాలం పశువుల్ని మేపటానికి ఆడవాళ్ళు పిల్లలు వెళ్ళి ఉండే చోట్లు, ఎప్పుడూ ఊరు కాదు. నీటుగా గుండ్రంగా ఉన్న గోడ గొర్రెల దొడ్డి కావచ్చు, అదీ ఖాళీ చేయించిన ఇళ్ళ రాళ్ళతోనే కట్టింది కావచ్చు. 1846 నుంచి ఆలుగడ్డ తెగులు కరువులో పోయిన ఊళ్ళున్నాయి. సముద్రం మధ్యలో సెయింట్ కిల్డా దీవిలో మిగిలిన 36 మంది తామే ప్రభుత్వాన్ని అడిగి 1930 ఆగస్టు 29న ఖాళీ చేశారు. ఎవరు తరిమారు, ఎవరు విసిగి పోయారు, ఎవరు ఆశపడి పోయారు అన్నది ఊరూరికీ వేరు.

తేల్చుకోవటానికి మంచి సాధనం మ్యాపులు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ళు ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సర్వే సంస్థ పాత మ్యాపులు ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టారు, మైలుకి ఆరంగుళాల మొదటి ఎడిషన్, 1840ల నుంచి కొలిచింది. అందులో కప్పున్న ఇల్లు నింపి ఉంటుంది, కప్పు లేనిది ఒట్టి గీత. ఇప్పటి శాటిలైట్ ఫోటో మీద దాన్ని పరిచి చూస్తే ఆ సర్వే నాటికే ఊరు చచ్చిపోయిందా, తర్వాత పోయిందా తెలిసిపోతుంది. ఇంకా వెనక్కి పోవాలంటే 1747 నుంచి 1755 దాకా గీసిన రాయ్ మిలిటరీ మ్యాపు కూడా అదే సైట్‌లో ఉంది. నేను బయల్దేరే ముందు రోజు రాత్రి ఈ పని చేయకుండా పోను.

ఇక అందరినీ తికమక పెట్టేది, అసలు అక్కడికి పోవచ్చా అన్నది. ముందు కంచె, కంచె అవతల గొర్రెలు, ఎవరిదో భూమి. 2003లో వచ్చిన ల్యాండ్ రిఫార్మ్ చట్టం స్కాట్లండ్‌లో దాదాపు అన్ని భూముల మీదా, నీళ్ళ మీదా నడిచిపోయే హక్కు అందరికీ ఇచ్చింది, ఇక్కడి పౌరులే కానక్కర్లేదు, 2005 నుంచి అమల్లో ఉంది. ఇంగ్లండ్‌లో ఆ హక్కు ఎక్కువగా గుర్తించిన దారులకీ కొన్ని రకాల భూములకే పరిమితం. అలాగని స్కాట్లండ్‌లో ఎక్కడికైనా పోవచ్చు అనేది తప్పు మాట. ఇళ్ళు, వాటి తోటలు, పంట వేసిన చేను ఈ హక్కులోకి రావు, చేను గట్టున పోవచ్చు. భవనాలు రావు, కాబట్టి పొలం దాటి శిథిలం దాకా పోవటం హక్కు గానీ దాని లోపలికి దూరటం, గోడ ఎక్కటం హక్కు కాదు. టికెట్ పెట్టిన చోట టికెట్ కొనాల్సిందే. కారుకి ఈ హక్కు లేదు. టెంటు వేసుకోవచ్చు, కానీ పాత కట్టడాలకి దూరంగా. గేటు ఎలా ఉంటే అలా వదలండి, మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి. ఏప్రిల్, మేలో గొర్రెలు ఈనే కాలం, కుక్కని తీసుకెళ్ళకపోవటమే మంచిది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జింకల వేట ఎక్కువ, ఎస్టేట్ వాళ్ళు దారి మొదట్లో నోటీసు పెడతారు, దాన్ని గౌరవించండి.

హక్కు ఒకటి, రక్షణ ఇంకొకటి. స్కాట్లండ్‌లో సుమారు 8,000 కట్టడాలు, జాగాలు షెడ్యూల్డ్ మాన్యుమెంట్లు, 1979 చట్టం కింద అనుమతి లేకుండా వాటిని కదిలించటం, మెటల్ డిటెక్టర్ వాడటం నేరం. యజమాని రైతే కావచ్చు, అయినా అతను కూడా ముట్టుకోకూడదు. వీటిలో 300 పైచిలుకు మాత్రం హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ అనే సంస్థ స్వయంగా చూసుకుంటుంది, చాలా చోట్ల భూమి ప్రైవేటుదే, సంరక్షణ మాత్రం ప్రభుత్వానిది, అందులోనూ ఎక్కువ భాగం టికెట్ లేనివే. దొరికిన వస్తువుల విషయంలో ఇక్కడి రూలు గట్టిది, నేలలో దొరికిన పాత వస్తువు ఏదైనా సరే, బంగారం కాకపోయినా, ప్రభుత్వానికి చెప్పాల్సిందే, దొరికినవాడిదీ కాదు, భూమి యజమానిదీ కాదు. కొందరు ఫోటో కోసం గోడ రాళ్ళు తీసి చిన్న చిన్న గోపురాల్లా పేరుస్తుంటారు, నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ రాయి ఎక్కడుందన్నదే అక్కడ మిగిలిన రాత, కదిపితే ఆ అక్షరం పోయినట్టే.

మరి అంత ముఖ్యమైతే మళ్ళీ కట్టొచ్చు కదా అని మా చిన్నాన్న అడిగాడు. ఇక్కడి పద్ధతి ఉన్నదాన్ని ఉన్నట్టు ఆపటం, ఊహించి కొత్తగా కలపకపోవటం. అదీ తేలిక కాదు. ఒకప్పుడు సిమెంటుతో సందులు పూడ్చారు, సిమెంటు నీటిని బయటికి పోనివ్వదు, ఆ తడి ఇసుకరాయిలోకి ఎక్కి చలికి గడ్డకట్టి రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, ఇప్పుడు దాన్ని గీకి తీసి సున్నం పెడుతున్నారు, మన పాత గానుగ సున్నం వాడటంలో ఉన్న గుణమే. కొన్నిచోట్ల గోడ నెత్తిన పచ్చిక పెళ్ళలు పరుస్తారు, గొడుగులా పని చేస్తుంది. వానలు పెరిగి రాళ్ళు వదులవుతుండటంతో కొన్నేళ్ళుగా చాలా కోటల్లో పై రాళ్ళు తట్టి తట్టి పరీక్ష చేస్తున్నారు, అది అయ్యేదాకా కంచె వేసి ఉంచుతారు. దూరం నుంచి వెళ్ళి కంచె చూసి కోపం తెచ్చుకోకండి, బయల్దేరేముందు సైట్‌లో చూసుకోండి.

ఒకే ఒక్క చోటికి పోయే టైముంటే క్రోయిక్ చర్చికి పొమ్మంటాను. ఆర్డ్‌గే ఊరి నుంచి స్ట్రాత్‌కారన్ లోయలోకి సన్న రోడ్డు మీద పదిమైళ్ళు. శిథిలం కూడా కాదు, 1827లో కట్టిన చిన్న చర్చి, ప్రహరీ పక్కనే ఒక బ్రాక్ కూలిన దిబ్బ. 1845 మే నెలలో పక్కనే గ్లెన్‌కాల్వీ లోయ నుంచి వెళ్ళగొట్టిన 80 మందికి పైగా జనం ఎటు పోవాలో తెలీక ఈ చర్చి ఆవరణలో సమాధుల మధ్య దుప్పట్లు కట్టుకుని తలదాచుకున్నారు. కిటికీ అద్దాల మీద బయట వైపు నుంచి ఏదో మొనతో గీసి రాశారు, గాలిక్ మాట్లాడే జనం, రాసింది ఇంగ్లీషులో. 1845 మే 24న గ్లెన్‌కాల్వీ జనం ఇక్కడున్నారు అని ఒకచోట. గ్లెన్‌కాల్వీ జనం, పాపిష్టి తరం అని ఇంకోచోట. తమని వెళ్ళగొట్టినవాళ్ళ గురించి కాదు ఆ మాట, తమ గురించే, తమ పాపానికే ఇలా జరిగిందని అనుకున్నారు. ఆ లోయలో వాళ్ళ ఇళ్ళు ఇప్పుడు వెతికితే గానీ దొరకవు. అద్దం మాత్రం అలాగే ఉంది, అక్షరాలు చాలా చిన్నవి, మొహం దగ్గరికి పెట్టి చదవాలి, వేలు మాత్రం తగలనివ్వకండి.